మసీదుగా 90 ఏళ్లు, చర్చిగా దాదాపు 800: మెర్తోలా గోడల లెక్క

1758లో పోర్చుగల్‌లోని విచారణ (పారిష్) గురువులందరికీ లిస్బన్ నుంచి ఒక ప్రశ్నల పట్టిక వెళ్లింది. మూడేళ్ల కిందటి మహాభూకంపం తర్వాత దేశంలో ఏ ఊరు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలని ప్రభుత్వం తలపెట్టిన పని అది. మొత్తం 60 ప్రశ్నలు: ఊరి గురించి 27, కొండల గురించి 13, నదుల గురించి 20. గడపలెన్ని, జనం ఎంతమంది, ఏ పంట బాగా పండుతుంది, లిస్బన్ ఎంత దూరం అని వరసగా అడుగుతూ పోయిన ఆ పట్టికలో ఏడో ప్రశ్న చర్చి గురించి. అది ఎవరి పేరిట ఉంది, బలిపీఠాలెన్ని, నడవలెన్ని అని అడిగారు.

నడవలు లెక్కపెట్టమనడం వెనుక ఒక అర్థముంది. పోర్చుగల్ పల్లెల్లో మామూలు చర్చికి ఒకటే నడవ ఉంటుంది. పొడవాటి గది, చివర బలిపీఠం, పక్కన గంటల గోపురం, అంతే. కాస్త కలిగిన ఊరైతే మధ్యలో రెండు వరసల స్తంభాలు నిలిపి మూడు నడవలు చేసుకుంటారు. లిస్బన్, పోర్తో, కొయింబ్రా, ఎవొరా పాత కతీడ్రళ్లు కూడా మూడు నడవలవే. దక్షిణాన అలెంతేజు ప్రాంతంలో, గ్వాదియానా నది ఒడ్డున ఉన్న మెర్తోలా అనే చిన్న ఊరి విచారణ చర్చికి మాత్రం ఐదు నడవలున్నాయి. బిషప్పు పీఠం లేని ఊరు, పెద్ద మఠం కూడా లేని ఊరు. అలాంటి చోట కతీడ్రళ్లకు లేని ఐదు నడవలు ఎందుకొచ్చాయి? ఈ కట్టడం గురించి తెలుసుకోదగ్గ సంగతులు చాలావరకు ఆ ఒక్క ప్రశ్నకు జవాబులోనే ఉన్నాయి.

చర్చి పేరు మంగళవార్త మాత దేవాలయం. కోటకు దిగువన, ఏటవాలు కొండ మీద, సున్నం పూసిన తెల్లటి గోడలతో కనిపిస్తుంది. ఊరు ఉన్న చోటే ఒయిరాస్ అనే చిన్న ఏరు వచ్చి గ్వాదియానాలో కలుస్తుంది. అక్కడి నుంచి నదీముఖం దాకా నీటిదారిన సుమారు 70 కిలోమీటర్లు. సముద్రపు ఆటుపోట్ల ప్రభావం ఇంతదూరం ఎగదన్నుకొస్తుంది. మధ్యధరా వైపు నుంచి వచ్చే పడవలు లోతట్టుకు చేరగలిగే చివరి రేవు మెర్తోలాయే. రోమన్ల కాలంలో దీని పేరు మిర్తిలిస్. తర్వాతి క్రైస్తవులు, ఆ తర్వాత అరబ్బీ మాట్లాడిన పాలకులు, అందరికీ ఈ రేవే కావలసి వచ్చింది.

5, 4, 12, 20

లోపలికి అడుగుపెట్టగానే మామూలు చర్చిలో కలిగే అనుభవం ఇక్కడ కలగదు. చూపు నేరుగా బలిపీఠం మీదికి పోకుండా అటూ ఇటూ పరుచుకుంటుంది. గది దాదాపు చతురస్రం. ఐదు నడవలుగా విడదీయడానికి నాలుగు వరసల స్తంభాలు కావాలి. ఒక్కో నడవ నాలుగు అంకణాలు, కాబట్టి ఒక్కో వరసకు మూడు స్తంభాలు. నాలుగు మూళ్లు 12 స్తంభాలు, ఐదు నాలుగులు 20 అంకణాలు. ఒక్కో అంకణం మీద రాతి పక్కటెముకలతో ఒక కమాను కప్పు. నడవలన్నీ దాదాపు ఒకే ఎత్తు కాబట్టి నలువైపులా సమంగా విస్తరించిన మండపంలా ఉంటుంది.

చతురస్రపు గది క్రైస్తవ పూజకు పుట్టిన ఆకారం కాదు. దివ్యబలి పూజలో గురువు ఒక చివర ఉంటాడు, జనం ఆ దిక్కుగా నిలబడతారు, ఊరేగింపు మధ్య నడవలో సాగుతుంది. అందుకు పొడవు కావాలి. ముస్లింల సామూహిక ప్రార్థనకు కావలసింది వెడల్పు. మక్కా దిక్కును సూచించే ఖిబ్లా గోడకు సమాంతరంగా, భుజానికి భుజం ఆనించి వరసలు తీరతారు. ముందు వరసలో ఎంతమందికి చోటు దొరికితే అంత మంచిది. అందుకే మసీదులు అడ్డంగా పెరుగుతాయి, నడవల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. మెర్తోలాలో ఐదు నడవలకు కారణం అదే. ఈ చర్చి గోడలు 12వ శతాబ్దం రెండో సగంలో, ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన అల్‌మొహద్ ముస్లిం పాలకుల కాలంలో కట్టిన మసీదువి. పోర్చుగల్‌లో మధ్యయుగపు మసీదు రూపం కంటికి ఆనేంతగా మిగిలిన కట్టడం ఇంకొకటి లేదు.

90 ఏళ్లు ఎలా వచ్చాయి?

1144లో ఇబ్న్ ఖసీ అనే సూఫీ నాయకుడు తన అనుచరులతో మెర్తోలాను పట్టుకుని, అప్పటి అల్‌మొరావిద్ పాలన మీద తిరుగుబాటు చేశాడు. కొంతకాలం ఈ చిన్న ఊరు ఒక స్వతంత్ర రాజ్యానికి రాజధాని అయింది. ఉత్తరాఫ్రికా నుంచి అల్‌మొహద్‌లను పిలిపించుకున్నదీ అతనే. తర్వాత వాళ్లతో చెడి పోర్చుగల్ మొదటి రాజు అఫొన్సు హెన్రిక్స్‌తో పొత్తుకు దిగడంతో, 1151లో సిల్వెస్ పట్టణంలో సొంత జనం చేతిలోనే హతమయ్యాడు. అల్‌మొహద్‌ల పట్టు బిగిసింది ఆ తర్వాతే. ఇప్పుడు మనం చూసే గోడలు ఆ దశలోవి.

1238లో సాంతియాగు సైనిక గురుసంఘం మెర్తోలాను జయించింది. రాజు రెండో సాంషు ఊరిని వాళ్లకే రాసిచ్చాడు. అల్‌మొహద్‌లు వచ్చిన కొత్తల్లోనే కట్టారనుకున్నా, ఈ కట్టడం మసీదుగా ఉన్నది 90 ఏళ్లకు మించదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా, అంటే దాదాపు 790 ఏళ్లుగా, ఇది చర్చి.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని నా మనవి. పర్యాటకుల పుస్తకాల్లో దీన్ని మారువేషంలో ఉన్న మసీదుగానే పరిచయం చేస్తారు. అది ఊరి జనానికి అన్యాయం చేసే మాట. ఈ కప్పు కింద జ్ఞానస్నానాలు పొంది, పెళ్లిళ్లు చేసుకుని, పెద్దలను పూడ్చుకున్న తరాలు దాదాపు ముప్పై. వాళ్లకిది ఎన్నడూ పరాయి కట్టడం కాదు. ఇంకొక లెక్క కూడా ఉంది. 1238లో చేతులు మారిన తర్వాత మసీదు లోపలి రూపం పెద్దగా మారకుండా 16వ శతాబ్దం దాకా నిలిచింది. ముస్లింలు వాడిన కాలానికి మూడు రెట్లు, దాదాపు 300 ఏళ్ల పాటు, క్రైస్తవులు ఆ మసీదు శరీరంలోనే పూజలు చేసుకున్నారు.

దీన్ని మత సామరస్యానికి గుర్తుగా చూపించే రాతలు చాలా వచ్చాయి. ఒప్పుకోవడం కష్టం. 1238లో ఓడిపోయినవాళ్ల ప్రార్థనాస్థలాన్ని గెలిచినవాళ్లు తీసుకున్నారు, వాళ్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. కోట పక్కన ఉన్న అల్‌మొహద్ కాలపు ఇళ్ల పేట నేలమట్టమైంది, ఆ శిథిలాల మీద విచారణ శ్మశానం వెలిసింది. పురావస్తు తవ్వకాల్లో ఆ ఇళ్ల గదుల మీదుగా తవ్విన క్రైస్తవ సమాధులు వందల్లో బయటపడ్డాయి. గోడలు బతకడానికి కారణం ప్రేమ కాదు. ఉన్నది వాడుకుంటే సరిపోయేది, కొత్తది కట్టే తాహతు ఊరికి లేదు.

డబ్బున్న చోట ఏం జరిగిందో లిస్బన్ చెబుతుంది. 1147లో నగరం చేతికి రాగానే పెద్ద మసీదు ఉన్న చోటే కతీడ్రల్ లేపారు. ఆ మసీదు ఆనవాళ్లు ఇప్పుడు కతీడ్రల్ వెనుక ఆవరణ అడుగున తవ్వితేనే కనబడతాయి. మెర్తోలాకు అంత ప్రాముఖ్యం ఎక్కువకాలం దక్కలేదు. 1249 కల్లా అల్గార్వ్ కూడా పోర్చుగల్ వశమైంది, దక్షిణాన యుద్ధరంగం మాయమైంది. మెర్తోలా ముస్లిం రాజ్యాలకు ఎదురుగా సరిహద్దు కోటగా ఉన్నది 11 ఏళ్లే. సాంతియాగు సంఘం కొంతకాలం ఇక్కడే తన ముఖ్యస్థానం పెట్టుకుంది, 1254లో ఊరికి హక్కుల పత్రం ఇచ్చింది, 1292లో కోటలో పెద్ద బురుజు కట్టింది. ఆ తర్వాత సంఘం పెద్దలు వేరేచోటికి తరలిపోయారు. సొమ్ము కోటకు పోయింది, చర్చి ఉన్నదున్నట్టు ఉండిపోయింది.

గోడలో గూడు

ఇప్పటి ప్రధాన బలిపీఠం వెనక్కి వెళితే గోడలో ఒక లోతైన గూడు కనిపిస్తుంది. మక్కా దిక్కును చూపే మిహ్రాబ్ అది. గూడు లోపలి గోడ గుండ్రంగా కాక పలకలుగా మడతలు తీరి ఉంటుంది. దానిమీద గచ్చుతో తీర్చిన మూడు మూసిన కమానులు. ఒక్కో కమాను అంచు చిన్న చిన్న అర్ధచంద్రాలుగా, పూరేకుల వరసలా వంపులు తిరుగుతుంది. అల్‌మొహద్‌లు నిరాడంబరతను బోధిస్తూ వచ్చినవాళ్లు. ముందరివాళ్లు గోడంతా లతలూ అక్షరాలూ నింపితే, వీళ్లు కొద్దిపాటి గీతలు గీసి మధ్యలో ఖాళీ వదిలేవారు. మెర్తోలా గూట్లో ఆ పొదుపు స్పష్టంగా తెలుస్తుంది. గచ్చు అక్కడక్కడ రాలిపోయినా కమానుల వంపు చెదరలేదు.

ఖిబ్లా దిక్కు గురించి చిన్న లెక్క. భూగోళం మీద అతి దగ్గరి దారి ప్రకారం చూస్తే, మెర్తోలా నుంచి మక్కా ఉత్తరం నుంచి కుడివైపుగా సుమారు 98 డిగ్రీల దిశలో ఉంటుంది. అంటే దాదాపు నేరుగా తూర్పు, రవ్వంత దక్షిణానికి. కానీ ఇబేరియా మసీదులు చాలావరకు అంతకంటే బాగా దక్షిణానికి తిరిగి ఉంటాయి. కోర్దోబా పెద్ద మసీదు దిశ 150 డిగ్రీలకు దగ్గర. అక్కడి పండితులు పాటించినది పెద్దల నుంచి వచ్చిన ఆనవాయితీ. మెర్తోలా ఖిబ్లా కూడా ఆగ్నేయానికే చూస్తుంది. క్రైస్తవుల బలిపీఠం ఆనవాయితీగా తూర్పుకు ఉండాలి. ఇప్పుడు మెర్తోలాలో విశ్వాసులు పూజలో చూసే దిక్కు మాత్రం ఆ పాత ఖిబ్లా దిక్కే.

గోడల్లో మిగిలిన రెండో సాక్ష్యం నాలుగు ద్వారాలు. నాలుగూ గుర్రపునాడా కమానులే. అర్ధవృత్తం దగ్గర ఆగకుండా వంపు ఇంకొంచెం లోపలికి తిరుగుతుంది, అందువల్ల తలుపు మెడ దగ్గర సన్నబడ్డట్టు ఉంటుంది. కమాను చుట్టూ దీర్ఘచతురస్రపు చట్రం గీసినట్టు ఒక పట్టీ. వీటిని తర్వాతి కాలంలో మూసి, పైన పూత పూశారు. 20వ శతాబ్దం నడుమ జరిగిన మరమ్మతుల్లో మిహ్రాబ్‌తో పాటు ఇవీ మళ్లీ వెలుగు చూశాయి. ఇంత చిన్న గదికి నాలుగు ద్వారాలు ఎందుకని అనిపించవచ్చు. శుక్రవారం ప్రార్థనకు ఊరంతా ఒకేసారి వచ్చి ఒకేసారి పోవాలి, అందుకు నాలుగు దారులు.

1509: ఒక గీత చిత్రం

కప్పు మారకముందు ఈ కట్టడం బయటినుంచి ఎలా ఉండేదో మనకు తెలియడానికి ఒకే మనిషి కారణం. రాజు మొదటి మనుయేల్ ఆజ్ఞ మీద దువార్తె ద అర్మాస్ అనే ఉద్యోగి 1509, 1510లలో స్పెయిన్ సరిహద్దు వెంట దక్షిణాన కాస్త్రు మరీం నుంచి ఉత్తరాన కమీన్య దాకా తిరిగి, 50కి పైగా కోటలను చూసి గీశాడు. ఆ పుస్తకం లిస్బన్‌లోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉంది. మెర్తోలా చిత్రాల్లో కోట కింద ఈ చర్చి, దాని పక్కన పొడవాటి గోపురం కనిపిస్తాయి. ఆ గోపురం పాత మీనార్. ఒకప్పుడు ముఅజ్జిన్ ఎక్కి ప్రార్థనకు పిలిచిన చోట అప్పటికి గంటలు వేలాడుతున్నాయి. గెలిచి 270 ఏళ్లు గడిచినా దాన్ని కూల్చవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఇప్పుడు ఆ మీనార్ లేదు.

ఆ చిత్రం గీసిన కొన్నేళ్లకే మెర్తోలా దశ తిరిగింది. 1415లో సెవుటా పట్టుకున్నప్పటి నుంచి ఉత్తరాఫ్రికా తీరంలో పోర్చుగల్ కోటలు ఒక్కొక్కటిగా పెరిగాయి. వాటిలోని సైనికులకు తిండిగింజలు కావాలి. అలెంతేజు గోధుమలు గ్వాదియానా రేవు మీదుగా ఓడలెక్కాయి. 1512లో మనుయేల్ ఊరికి కొత్త హక్కుల పత్రం ఇచ్చాడు. మూడు శతాబ్దాలుగా సర్దుకుపోతూ వచ్చిన చర్చికి చేయిపడింది, చెక్క కప్పు స్థానంలో రాతి కమాను కప్పు వచ్చింది కూడా ఆ శతాబ్దంలోనే.

మేస్త్రీల పని గొప్పతనమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం. అంతకుముందున్న చెక్క కప్పు బరువు నిలువుగా కిందికి దిగుతుంది. దానికి సన్నటి ఆధారం చాలు. రాతి కమాను కప్పు అలా కాదు, బరువుతో పాటు పక్కలకు నెడుతుంది. ఆ నెట్టుడును ఎక్కడో ఒకచోట ఆపకపోతే గోడలు విచ్చుకుంటాయి. మూడు నడవల కతీడ్రల్‌లో మధ్య నడవ ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని నెట్టుడును పక్క నడవల మీదుగా బయటికి తరలించడానికి పెద్ద ఏర్పాట్లు కావాలి. మెర్తోలా మేస్త్రీలు ఐదు నడవలనూ దాదాపు ఒకే ఎత్తుకు కప్పారు. అప్పుడు లోపలి స్తంభం మీద కుడివైపు కమాను ఎంత నెడితే ఎడమవైపు కమాను ఇంచుమించు అంతే ఎదురు నెడుతుంది. రెండూ సరిపోయి స్తంభానికి నిలువు బరువే మిగులుతుంది. అందుకే 20 కప్పులను మోసే ఆ 12 స్తంభాలు అంత సన్నగా ఉండగలిగాయి. తీరని నెట్టుడంతా చుట్టూ ఉన్న గోడల మీద పడుతుంది. ఆ బయటి గోడలకు బలమైన ఊతాలు చేర్చారు. వాటి కొసలు శంఖువుల్లా మొనదేలి, గోడ అంచున కోటకున్నట్టు పళ్ల వరస తీరి, బయటినుంచి చూస్తే చర్చి చిన్న దుర్గంలా అనిపించడానికి కారణం ఇదే. ముఖద్వారం మాత్రం అప్పటి కొత్త మోజైన రినైజాన్స్ పద్ధతిలో చెక్కారు.

ఒకే ఎత్తు నడవల చర్చి ఆ కాలంలో పోర్చుగల్‌లో ఇష్టపడిన పద్ధతి. లిస్బన్ దగ్గర బెలేంలోని జెరొనిముస్ మఠం చర్చిలోనూ అదే సూత్రం, అక్కడ మూడు నడవలు. ఆ ధోరణి రాకపోయి ఉంటే ఈ చతురస్రపు గదిని క్రైస్తవ మేస్త్రీలు కూల్చక తప్పేది కాదేమో. మసీదు వెడల్పుకు సరిగ్గా సరిపోయే కప్పు పద్ధతి, దానికి కావలసిన గోధుమల సొమ్ము రెండూ ఒకే శతాబ్దంలో కుదరడం ఈ గోడల అదృష్టం.

సున్నం, ఎండ

గోడల్లో స్థానికంగా దొరికే పలకరాయి, పైన సున్నపు పూత. అలెంతేజు ఊళ్లన్నీ తెల్లగా ఉండటానికి కారణం ఎండ. ఇదే ప్రాంతంలోని అమరెలేజా గ్రామంలో 2003 ఆగస్టు 1న ఉష్ణోగ్రత 47 డిగ్రీలు దాటింది. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాల్చి, నీళ్లు పోసి నానబెట్టి, పలచగా కలిపి పూస్తే ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. గోడ లోపలి తేమను బయటికి పోనిస్తుంది. వానలకు అరిగిపోతుంది కాబట్టి పదేపదే పూస్తూ ఉండాలి. అలెంతేజులో తరతరాలుగా ఆ పని ఎక్కువగా ఆడవాళ్లది. చర్చి చరిత్రల్లో గురుసంఘం పెద్దలు, రాజుల పేర్లు రాస్తారు. పలకరాయి గోడను వాన నుంచి కాపాడిన పూత ఎవరు వేశారో ఎక్కడా రాయరు.

పుస్తకాల్లో ఊరు

1545లో మొదలై 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ప్రతి విచారణలో జ్ఞానస్నానాల, వివాహాల పుస్తకాలు రాయాలని కట్టడి చేసింది. అప్పటి నుంచి 1911లో గణతంత్ర ప్రభుత్వం పౌర నమోదు చట్టం తెచ్చేదాకా, పోర్చుగల్ పల్లెలో పుట్టిన మనిషికి తాను పుట్టినట్టు రుజువు చర్చి పుస్తకంలోనే ఉండేది. చర్చి పూజాస్థలమే కాదు, రిజిస్ట్రారు కచేరీ కూడా. 1758 ప్రశ్నలకు జవాబులు గురువులనే అడగడానికి కారణం అదే. ఊళ్లో లెక్క తెలిసిన మనిషి ఆయనే. మొదటి విభాగంలో 26వ ప్రశ్న భూకంపం వల్ల ఏం కూలింది, మరమ్మతు జరిగిందా అని అడుగుతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన జవాబులను 44 సంపుటాలుగా కట్టి భద్రపరిచారు. పద్దెనిమిదో శతాబ్దపు పోర్చుగల్ పల్లె గురించి పరిశోధకులు నేటికీ మొదట తెరిచేది వాటినే.

ఆ తర్వాతి శతాబ్దంలో చర్చి కాళ్ల కింద నేల కదిలింది. 1832లో పంటలో పదో వంతు చర్చికి ఇచ్చే దశమభాగం రద్దయింది. 1834లో మఠాలను మూసేశారు, సాంతియాగు వంటి సైనిక సంఘాల ఆస్తులూ ప్రభుత్వపరమయ్యాయి. మెర్తోలా చర్చికి 596 ఏళ్లుగా ఉన్న యజమాని అలా తప్పుకున్నాడు. 1835లో బహిరంగ శ్మశానాలు కట్టాలని ఆదేశం వచ్చింది, 1844లో చర్చి లోపల పూడ్చడాన్ని చట్టం నిషేధించింది. పెద్దల ఎముకలున్న నేల మీదే తామూ పడుకోవాలనుకున్న ఉత్తరాది మీన్యు ప్రాంతపు ఆడవాళ్లు 1846 వసంతంలో ఆ చట్టం మీద తిరగబడ్డారు. మరియా ద ఫొంతె పేరుతో చరిత్రకెక్కిన ఆ తిరుగుబాటు లిస్బన్‌లోని మంత్రివర్గాన్నే పడగొట్టింది. పల్లె చర్చి నేల అంటే ఆ జనానికి ఏమిటో దానివల్ల తెలుస్తుంది.

మెర్తోలా చర్చి 1910 జూన్ 16 నాటి రాజాజ్ఞతో జాతీయ స్మారకాల జాబితాలో చేరింది. సరిగ్గా 111 రోజులకు, అక్టోబర్ 5న, ఆ రాజరికమే అంతమైంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 20న గణతంత్ర ప్రభుత్వం చర్చిని రాజ్యం నుంచి వేరుచేసి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. 1940లో వాటికన్‌తో కుదిరిన ఒడంబడికలో చాలా ఆస్తులు తిరిగి ఇచ్చారు, కానీ స్మారకాలుగా గుర్తించిన చర్చిల యాజమాన్యం రాజ్యం దగ్గరే ఉంచుకుని, పూజకు శాశ్వతంగా వాడుకునే హక్కు మాత్రం చర్చికి ఇచ్చారు. పూజ గురువుది, కప్పు ప్రభుత్వానిది. ఈ ఏర్పాటు మంచిదనే నా అభిప్రాయం. రాతి కప్పు, పాత గచ్చు సంభాళించే ఖర్చును ఒక పల్లె విచారణ చందాలతో మోయడం సాధ్యం కాదు.

పండితులు ఈ కట్టడాన్ని మసీదుగా పట్టిపట్టి కొలవడం చాలా ఆలస్యంగా మొదలైంది. జర్మన్ పరిశోధకుడు క్రిస్టియన్ ఎవెర్ట్ 1973లో దీనిమీద వివరమైన అధ్యయనం ప్రచురించాడు. 1978లో చరిత్రకారుడు క్లావుదియు తొర్రెస్ ఇక్కడ మెర్తోలా పురావస్తు క్షేత్రం అనే సంస్థను స్థాపించి, కోట పక్కన తవ్వకాలు మొదలుపెట్టాడు. ఈ పనికి ఆయనకు 1991లో పెసొవా బహుమతి వచ్చింది. దొరికినవాటిని లిస్బన్‌కు తరలించకుండా ఊళ్లోనే, దొరికిన చోటికి దగ్గరగా, చిన్న చిన్న ప్రదర్శనశాలల్లో పెట్టారు. పురపాలక భవనం అడుగున రోమన్ ఇంటి పునాదులు, ఊరి అంచున తొలి క్రైస్తవుల సమాధి ఫలకాలు, ఇంకోచోట ముస్లిం కాలపు మట్టిపాత్రలు. 2001 నుంచి రెండేళ్లకోసారి మే నెలలో ఇస్లామిక్ ఉత్సవం జరుగుతోంది.

ఇంత వైభవం చెప్పుకున్నాక జనాభా లెక్క కూడా చెప్పాలి. మెర్తోలా పురపాలక ప్రాంతం దాదాపు 1,293 చదరపు కిలోమీటర్లు. 1950లో అందులో 29 వేలకు పైగా జనం ఉండేవారు. 2021 జనగణనలో మిగిలింది 6 వేల పైచిలుకు. చదరపు కిలోమీటరుకు ఐదుగురు కూడా లేరు, దేశ సగటు 110 దాటుతుంది. కారణాలు రెండు. 1929లో అప్పటి సైనిక ప్రభుత్వం మొదలుపెట్టిన గోధుమల ఉద్యమంలో, పలుచటి మట్టి పరిచిన పలకరాతి కొండలన్నీ దున్నేశారు. కొన్నేళ్లకే మట్టి కొట్టుకుపోయింది. నేల కోతను కొలిచే ప్రయోగ కేంద్రం తర్వాత ఈ ప్రాంతంలోనే వెలిసిందంటే నష్టం ఎంతో ఊహించవచ్చు. రెండోది, దగ్గర్లోని సావు దొమింగుస్ రాగి గని. వంద ఏళ్లకు పైగా నడిచి 1966లో మూతపడింది. గని కార్మికులు లిస్బన్ శివార్లకూ విదేశాలకూ వలసపోయారు. 2013లో దేశమంతటా స్థానిక పాలనా విభాగాలను కుదించినప్పుడు మెర్తోలాలో 9 కాస్తా 7 అయ్యాయి.

2017లో పోర్చుగల్ ప్రభుత్వం మెర్తోలాను యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో పెట్టింది. ఒక్క చర్చిని కాదు, రేవు, కోట, తవ్వకాలు, ఇళ్లు కలిపి మొత్తం ఊరిని. ఆ జాబితా దేశం తన తరఫున పంపుకునే అభ్యర్థిత్వం మాత్రమే. దానితో డబ్బు రాదు, రక్షణ బాధ్యత ఎవరికీ కొత్తగా పడదు. సున్నం పూత, కప్పు పెంకుల మార్పిడి, మిహ్రాబ్ గచ్చు పరీక్ష వంటి పనులకు ఇప్పటికీ పోర్చుగల్ ఖజానా, ఆ ఆరు వేల మంది పురపాలక సంఘమే దిక్కు.